రేవు నుంచి భీమిలి దాకా: ఇసుక వెంట నడక

విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద కారులో వెళ్తే గంట లోపే చేరిపోతాం. ఆ గంటలో కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, కొండలు కనిపిస్తాయి. ఆ కొండకీ ఈ సముద్రానికీ ఉన్న సంబంధం మాత్రం కనిపించదు. అది తెలియాలంటే ఒడ్డున నడవాలి. ముప్పై కిలోమీటర్లకు అటూఇటూ ఉండే దూరం. తూర్పు కనుమల కొసలు నీళ్ళలోకే దిగే ఇలాంటి తీరం మన రాష్ట్రంలో ఎక్కువ లేదు. గోదావరి, కృష్ణ మొగల దగ్గర ఎటు చూసినా చదునే.

నాతో నడిచింది మా పెద్దమ్మ కొడుకు. పోర్టులో డ్రెడ్జింగ్ పనులు చూసి రిటైరయ్యాడు. జీవితమంతా ఇసుక తోడించిన మనిషి. సంక్రాంతి వెళ్ళాక బయల్దేరాం. ఎండ పదునెక్కదు, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, తాబేళ్ళు ఒడ్డుకు వచ్చే కాలం కూడా అదే.

మొదటి రోజు: ఫిషింగ్ హార్బరు నుంచి రుషికొండ

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరు గేటు దాటేసరికే వేలం జోరుగా సాగుతోంది. మరబోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. సిమెంటు గచ్చు మీద కానాగంతలు, కవళ్ళు, రొయ్యలు కుప్పలు పోసి ఉన్నాయి. కొనాం చేపల్ని మాత్రం వరసగా పేర్చారు. ఐసు మర చప్పుడులో వేలం పాటగాడి గొంతు మనకు వినపడదు. బుట్టలు పట్టుకుని చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళకు ఎలా వినపడుతుందో గాని, చూపుతోనే బేరం తెగ్గొట్టేస్తారు. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడ అగ్గి రేగి నలభైకి దగ్గరగా బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు మీద ఎన్ని కుటుంబాల తిండి ఆధారపడుతుందో తెలిసినవాళ్ళకు ఆ సంఖ్య చిన్నది కాదు.

బుట్ట దించుకుని టీ తాగుతున్న పెద్దావిడ మా సంచులు చూసి అడిగింది: "ఎందాక ఎల్తారమ్మా?"

భీమిలి అన్నాను.

"నడిసా? బస్సులున్నాయి కదేటి! ఎండెక్కిపోతాది, బేగి ఎల్లండి మరి."

హార్బరు దాటి పాతవూళ్ళోకి వస్తే దక్షిణాన యారాడ కొండ అడ్డంగా నిలబడి ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు పెట్టిన డాల్ఫిన్స్ నోస్ పేరే ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉంది. ఆ కొండ సముద్రంలోకి చొచ్చుకుని అలల్ని ఆపబట్టే దాని వెనక ఉప్పుటేరు చిత్తడిని తవ్వి రేవు కట్టగలిగారు. 1933లో ఓడలు రావడం మొదలైంది. పక్కనే చిన్న కొండల మీద ఒకచోట చర్చి, ఒకచోట దర్గా, ఒకచోట వెంకటేశ్వరస్వామి గుడి. లోపలి రేవులోకి వచ్చే ప్రతి ఓడా ఆ మూడింటి కిందుగానే వెళ్ళాలి.

కోస్టల్ బ్యాటరీ అనే చోట ఇసుకలోకి దిగాం. అన్నయ్య అక్కడ ఆగిపోయి సముద్రంలోకి చెయ్యి చూపించాడు. దూరంగా పెద్ద పైపు నోరు ఒడ్డు వైపు తిరిగి ఉంది.

ఈ నడకలో నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచిన సంగతి ఇక్కడే మొదలైంది. మన తూర్పు తీరంలో ఇసుక ఒక్కచోట నిలబడదు. నైరుతి గాలుల కాలంలో అలలు ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతూ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలులప్పుడు కొన్ని నెలలు వెనక్కి, దక్షిణానికి తెస్తాయి. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్ళేదే ఎక్కువ. యారాడ వైపు నుంచి వచ్చిన ఇసుక ఆర్కే బీచ్ మీదుగా, రుషికొండ మీదుగా భీమిలి వైపు సాగాలి. 1970ల్లో ఇనుప ఖనిజం ఎగుమతి కోసం ఔటర్ హార్బరు కట్టి, సముద్రంలోకి రాతికట్టలు వేశారు. ఇసుక ఆ కట్టల దగ్గర ఆగిపోయింది. ఆర్కే బీచ్ నుంచి ఎప్పటిలాగే వెళ్ళిపోతోంది, కొత్తది మాత్రం రావడం లేదు. అందుకే కట్ట వెనక చేరిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి, పైపుల్లో పంపి బీచ్ మీద పోస్తూ ఉంటారు.

"ఓడల కోసం ఆపాం, బీచ్ కోసం మోస్తున్నాం," అన్నాడు అన్నయ్య. "పొయ్యకపోతే ఈ రోడ్డు ఉండదమ్మా."

రేవు వద్దనే మాట నాకు రాదు. ఊరికి అన్నం పెట్టింది అదే. కాని సాయంత్రాలు మనం కూర్చుని మురీ మిక్స్చర్ తినే ఆ ఇసుకలో చాలాభాగం మనుషులు తెచ్చి పోసిందేనని విశాఖవాళ్ళలో ఎంతమందికి తెలుసు? బళ్ళో పిల్లలకు చెప్పాల్సిన పాఠం ఇది.

ఆర్కే బీచ్ గురించి కొత్తగా రాయక్కర్లేదు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించుకున్న కుర్సురా జలాంతర్గామి ఇసుక మీద పడుకుని ఉంది, లోపలికి వెళ్ళి చూడొచ్చు. దానికి కాస్త దూరంలో 1971 యుద్ధ స్మారకం. ఆ ఏడాది డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ రేవు ఎదుటే. ఎదురుగా అంత ప్రశాంతంగా ఉన్న నీళ్ళ అడుగున అది ఇంకా ఉంది.

లాసన్స్ బే, పెద జాలారిపేట దాటాక ఇసుక సన్నబడిపోతుంది. కైలాసగిరి మొదలవుతుంది. కొండ కాలు సముద్రంలోనే ఉంటుంది. రోడ్డును కొండ నడుము చెక్కి వేశారు. దాని కింద నల్లటి బండలు, బండల మధ్య నురగ. పోటు మీద ఉంటే బండల మీదుగా వెళ్ళడం ప్రమాదం, రోడ్డెక్కి తెన్నేటి పార్కు మీదుగా నడవాల్సిందే. 2020 అక్టోబరు వాయుగుండంలో లంగరు నిలవక బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా కొట్టుకొచ్చి ఎక్కింది ఈ రాళ్ళ మీదికే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఈ కొండ మీద చెట్లన్నీ ఒక్క పూటలో కూలిపోయాయి. ఆ తర్వాతి వారం ఇటుగా వచ్చినవాళ్ళకు కొండ బోడిగా, గోధుమ రంగులో కనిపించింది. ఇప్పుడు మళ్ళీ పచ్చబడింది, నీడ మాత్రం ఇంకా పల్చనే.

ఆ బండల పక్కన కూర్చుని అన్నం తిన్నాం. ఈ రాయి పేరు ఖోండలైటు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండుల పేరే భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి పెట్టారు. తడి బండను దగ్గరగా చూస్తే తుప్పురంగు చారల మధ్య దానిమ్మ గింజ రంగులో చుక్కలుంటాయి. అవి గార్నెట్లు. బండ పాదంలోంచి చిటికెడు ఇసుక తీసి అరచేతిలో పరిచాను. తెల్లవి, గాజులాంటివి క్వార్ట్‌జ్. గులాబీ ఎరుపువి గార్నెట్. మెరిసే నల్లవి ఇల్మనైటు. కొండలో ఉన్నదంతా పొడిగా చేతిలో ఉంది. అల వెనక్కి లాగినప్పుడు తేలికైన తెల్ల ఇసుక కొట్టుకుపోయి బరువైన ఎరుపు, నలుపు రేణువులు మిగిలిపోతాయి. విశాఖ ఒడ్డున అక్కడక్కడ ఊదారంగు పట్టీలు కనిపించేది అందుకే. మురికి అనుకుంటారు చాలామంది.

సాగర్‌నగర్ దగ్గర పొద్దు వాలుతుండగా ఒక తాబేలు కళేబరం కనిపించింది. ఆలివ్ రిడ్లే. రెండడుగుల పైనే ఉన్న డిప్ప, ముందు రెక్కల దగ్గర చర్మం ఊడిపోయింది. ఊపిరి పీల్చడానికి పైకి రావాల్సిన జీవి వలలో చిక్కుకుంటే మునిగి చచ్చిపోతుంది. తాబేలు బయటికి పోయే అమరిక ఉన్న వలలున్నాయి, వాడాలని నిబంధనా ఉంది. అయినా ప్రతి చలికాలం ఈ ఒడ్డున ఇలాంటివి కనపడుతూనే ఉన్నాయి. కోపం, దుఃఖం రెండూ వచ్చాయి. ఇంకొంచెం ముందుకు వెళ్తే అటవీశాఖ వాళ్ళు వల కట్టిన చిన్న దడి ఉంది. రాత్రిళ్ళు తీరమంతా తిరిగి, తాబేళ్ళు గుంట తీసి పెట్టిన గుడ్లను కుక్కల పాలుకాకుండా తెచ్చి ఇక్కడ పాతిపెడతారు. ఒక్కో గుంటలో వంద, ఆ పైన గుడ్లు. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికి వస్తాయి. కాపలా కుర్రాడు ఒక్కో గుంట పక్కనా పాతిన తేదీ చీటీలు చూపించాడు. రాత్రి నిద్ర మానుకుని చేసే పని అది, జీతం ఎంతో నేను అడగలేదు.

చీకటి పడ్డాక రుషికొండ చేరాం.

రెండో రోజు: రుషికొండ నుంచి మంగమారిపేట, తొట్లకొండ

శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రుషికొండకు 2020లో వచ్చింది. శుభ్రంగా ఉంది. ఈతకు ఎక్కడిదాకా వెళ్ళొచ్చో హద్దులు కట్టారు, కాపలా ఉంది. పక్కనున్న కొండను తవ్వి కట్టిన భవనాల గురించి రాష్ట్రమంతా వాదించుకుంది. ఖర్చు గురించి, ఎవరి కోసం అన్నదాని గురించి. కొండ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. కింద ఇసుకలో నిలబడి తలెత్తి చూసినప్పుడు నాకు కొండ మీదే బెంగ కలిగింది. కోసిన కొండ మళ్ళీ మొలవదు.

ఇక్కడి నుంచి మంగమారిపేట దాకా నడక హాయి. ఒకవైపు సరుగుడు తోటలు, మధ్యమధ్య రాతి గుట్టలు. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, చెప్పులు చేత్తో పట్టుకుని నడవొచ్చు. ఎండ్రకాయలు మన అడుగుకు పది అడుగుల ముందే కన్నంలోకి దూరిపోతాయి.

మంగమారిపేట ఒడ్డున సహజ శిలాతోరణం ఉంది. తిరుమలలో ఉన్నదానంత పేరు దీనికి లేదు. రాతి మధ్యలో మెత్తటి భాగాన్ని అలలు తొలిచేసి, గట్టి భాగాన్ని విల్లులా వదిలేశాయి. దాని కిందుగా చూస్తే అవతల సముద్రం. పైకెక్కి ఫోటోలు దిగుతున్న పిల్లల్ని ఊరి కుర్రాడొకడు కేకలేసి దింపాడు. వాడిని మెచ్చుకున్నాను. తొలిచిన అలే రేపో మాపో దాన్ని పడగొడుతుంది, మన బరువు దానికి తోడవకూడదు.

ఆ పక్కనే పెద్దవల లాగుతున్నారు. పడవ మీద వెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వల వదిలి వస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డు మీద రెండు జట్ల చేతుల్లో ఉంటాయి. నడుముకు తాడు బిగించుకుని, వెనక్కి వాలి, మడమలు ఇసుకలో గుచ్చి, అందరూ ఒకే ఊపున లాగుతారు. ముసలివాళ్ళు తాడు చుట్ట చుడుతూ ఉంటారు. రెండు జట్లూ లాగుతూ లాగుతూ దగ్గరవుతాయి. మేమూ ఒక కొస పట్టుకున్నాం. తడి తాడు అరచేతిని కోసేస్తుంది, వాళ్ళ చేతులకు ఆ స్పృహే లేదు. గంటకు పైగా లాగాక సంచి ఒడ్డుకు వచ్చింది. నెత్తళ్ళు, కొద్దిగా కవళ్ళు, రెండు మూడు చిన్న చందువలు, గుప్పెడు జెల్లీ చేపలు, నాలుగు ప్లాస్టిక్ సీసాలు. అంతమంది పంచుకోవాలి.

తాడు చుట్టే పెద్దాయన పక్కన కూర్చున్నాను. "తాతా, రోజూ ఇంతేనా?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు.

"మా అయ్య రోజుల్లో ఈ ఒడ్డు అక్కడిదాకా ఉండీది," అని నీళ్ళలోకి చూపించాడు. "తెప్పలు పెట్టుకోడానికి, వలలు ఎండేసుకోడానికి జాగా ఉండీది. ఇప్పుడు లాగడానికే ఒడ్డు నేదు. సేపేమో నోపలికెల్లిపోనాది."

ఇసుక ఆగిపోయిన సంగతి ఆయన అలా చెప్పాడు. పటాలూ లెక్కలూ అక్కర్లేకపోయాయి. ఒడ్డు తగ్గడానికి రేవు కట్ట ఒక్కటే కారణమని నేననను, తుపాన్లున్నాయి, తీరం మీద కట్టడాలున్నాయి. కాని పెద్దవలకు ఒడ్డే పనిముట్టు. అది పోతే వల ఉండీ లాభం లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది, దానికి భృతి ఉంది. ఒడ్డు పోయినందుకు భృతి ఎవరిస్తారు?

మధ్యాహ్నం ఎండ తగ్గాక తొట్లకొండ ఎక్కాం. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు. నౌకాదళం తమ అవసరాల కోసం ఈ ప్రాంతాన్ని సర్వే చేస్తున్నప్పుడు శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వింది. రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధారామం. భిక్షువులు ఉండే గదులు వరసగా, ఒక్కో గది ఒక మనిషి పడుకోడానికి సరిపడేంత. భోజనశాల, స్తంభాల మండపం, చైత్యాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. వానలు పడితే కొండ మీది నీరంతా ఆ తొట్లలోకి చేరేలా కాలవలు కోశారు. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయి. సముద్ర వర్తకులు దానం చేసి ఉంటారు. కొండ కొసన నిలబడితే వాళ్ళు ఇక్కడెందుకు కట్టుకున్నారో తెలుస్తుంది. ఉత్తరాన భీమిలి మొగ, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో వచ్చేపోయే ఓడలన్నీ కళ్ళెదుటే.

2019 అక్టోబరు వానల్లో మహాస్తూపంలో ఒక భాగం కూలింది. రెండు వేల ఏళ్ళు నిలబడినదాన్ని మన కాలంలో కాపాడుకోవడం మన పూచీ. ఎదురు కొండల్లోనే బావికొండ ఉంది. అక్కడ ధాతుపాత్రలో, అంటే పవిత్ర అవశేషాలు దాచే పాత్రలో, ఎముక ముక్క దొరికింది. అటు వెళ్ళడానికి పొద్దు చాలలేదు. రాత్రికి రోడ్డు పక్కన గది తీసుకున్నాం.

మూడో రోజు: ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి

చేపలుప్పాడ దాటాక ఒకచోట ఒడ్డు వదిలి రోడ్డెక్కాలి. నౌకాదళం స్థలం, కలింగ కేంద్రం. దాన్ని దాటాక ఎడమ చేతి వైపు జీడిమామిడి తోపులు, తాళ్ళు, వాటి మధ్య నేల ఎర్రబడడం మొదలవుతుంది.

ఎర్రమట్టి దిబ్బలంటే చాలామందికి సినిమా పాటలు గుర్తొస్తాయి. నాకు ఇకనుంచీ మొదటి రోజు అరచేతిలో చూసిన గార్నెట్ రేణువులు గుర్తొస్తాయి.

కథ ఇది. చివరి మంచుయుగంలో భూమ్మీది నీటిలో కొంత భాగం మంచుగా గడ్డకట్టింది. సముద్ర మట్టం వంద మీటర్లకు పైగా దిగిపోయింది. ఇప్పుడు అలలున్న చోటు నుంచి లోపలికి మైళ్ళ కొద్దీ నేల బయటపడింది, దాని మీద ఎండిన ఇసుక. గాలి ఆ ఇసుకను ఎత్తి తెచ్చి ఈ కొండల పాదాల దగ్గర దిబ్బలుగా పోసింది. తర్వాత వేల ఏళ్ళు వానా ఎండా తగిలాయి. ఇసుకలోని గార్నెట్ లాంటి ఖనిజాలు చివికి, వాటిలోని ఇనుము బయటికి వచ్చి, ఆక్సైడుగా మారి ప్రతి రేణువుకూ పూత పూసింది. ఆ ఇనుము పూత, సన్నటి బంకమన్ను కలిసి ఇసుకను ఇసుకలా జారిపోకుండా గోడలా నిలబెట్టాయి. దక్షిణాసియాలో ఇలాంటివి ఇక్కడ, తమిళనాడులో, శ్రీలంకలో తప్ప లేవు. 1886లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటి గురించి మొదట రాశాడు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఆదిమానవులు వాడిన రాతి పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి.

లోపలికి దిగాలంటే గెడ్డ, అంటే వాన నీళ్ళు కోసిన వాగు, వెంటే దిగాలి. అడుగున పల్చగా నీళ్ళు, కాలికి మెత్తగా తగిలే ఇసుక. రెండు పక్కలా నిట్టనిలువు గోడలు. లోతుకు వెళ్ళేకొద్దీ గెడ్డ చీలుతుంది, ఒక్కో చీలికా మళ్ళీ చీలుతుంది. పది నిమిషాల్లో సముద్రం చప్పుడు వినపడదు. గోడను దగ్గరగా చూశాను. అడుగున ముదురు ఎరుపు, గులకరాళ్ళలాంటి గట్టి ముద్దలు. పైన ఇటుక రంగు. ఆ పైన లేత గోధుమ రంగు ఇసుక. అంచున జీడిమామిడి వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి, వాటి కింది మట్టి పోయింది. ఒక వేలితో గోడను తాకితే ఎర్రటి పొడి జలజలా రాలింది. గోరు లోతున తెల్లటి రేణువు బయటపడింది. రంగంతా పైపూతే. వేలితోనే ఇంత రాలితే, వందల కాళ్ళకు ఎంత రాలుతుంది?

వానాకాలంలో ఈ గెడ్డలు ఎర్రగా పారి సముద్రంలో కలుస్తాయి. అంటే గాలి ఎప్పుడో తెచ్చిన ఇసుకను నీరు తిరిగి సముద్రానికి ఇచ్చేస్తోంది, అలలు దాన్ని మళ్ళీ ఉత్తరానికి నడిపిస్తాయి. ఇది దిబ్బల సహజ జీవితం. దాన్ని ఆపక్కర్లేదు. ఆపాల్సింది వేరే ఉంది. అంచు మీదికి ఎక్కి చూస్తే ఒక పక్క నేలను యంత్రాలతో చదును చేసేశారు. హద్దు రాళ్ళు, టైర్ల గుర్తులు. రక్షిత భాగం అవతల ఉన్నవి కూడా అవే దిబ్బలు. సర్వే నంబర్ల గీత మట్టికి తెలియదు. ఇంత అరుదైనదాన్ని ఇళ్ళ స్థలాలుగా లెక్కగట్టడం చూస్తే నాకు కడుపు మండింది. అన్నయ్య చదును చేసిన నేల మీద నిలబడి చాలాసేపు కదల్లేదు. "మేం తోడిన ఇసుక మళ్ళీ పొయ్యొచ్చు. దీన్ని ఎవడు పోస్తాడు?" అన్నాడు.

నేరెళ్ళవలస మీదుగా భీమిలి చేరేసరికి మధ్యాహ్నమైంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి వర్తకం పెట్టారు. 1825లో ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయారు. బీచ్‌కు దగ్గర్లోనే వాళ్ళ సమాధులున్నాయి. కోసుగా లేచిన ఇటుక కట్టడాలు, ఉప్పుగాలికి గార రాలిపోయినవి. రాళ్ళ మీద చెక్కిన డచ్చి అక్షరాలు కొన్నిటి మీద ఇంకా చదవొచ్చు. గడియార స్తంభం, దీపస్తంభం చూశాం. పావురాళ్ళకొండ మీది నరసింహస్వామి గుడికి అన్నయ్య మోకాళ్ళు ఒప్పుకోలేదు.

చివరికి గోస్తనీ మొగకు వెళ్ళాం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి వచ్చే నది. నది సముద్రంలో కలిసేచోట ఇసుకతిన్నె అడ్డంగా వేసింది, పిల్లలు దాని మీద క్రికెట్ ఆడుతున్నారు. కొండల్లోంచి కొత్త ఇసుకను తీరానికి తెచ్చే దారుల్లో ఇదొకటి. దీనికి ఎగువన తాటిపూడి జలాశయం ఉంది. విశాఖ తాగేనీటిలో కొంత అక్కడి నుంచే వస్తుంది. నీటితో పాటు ఇసుకా అక్కడ ఆగుతుంది. మా ఇంట్లో కుళాయికీ, మంగమారిపేట తాత ఒడ్డుకీ ఇలా కూడా ముడి ఉందన్నమాట.

నడవాలనుకునేవాళ్ళకు: డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పోటు వేళలు ముందే చూసుకోండి, కైలాసగిరి కింద బండల దగ్గర అది ప్రాణంతో పని. తీరమంతటా ఊళ్ళున్నాయి గనుక టీకి, టిఫినుకి కొదవ లేదు, కాని చేపలుప్పాడ నుంచి దిబ్బల దాకా నీళ్ళు దగ్గర ఉంచుకోండి. రుషికొండ దాటాక బీచ్‌లలో అందంగా ఉందని ఈతకు దిగకండి, లోపలికి లాగే ప్రవాహాలకు ఏటా మనుషులు పోతున్నారు. తొట్లకొండకు సాయంత్రం మూసేలోపే చేరాలి. ఎర్రమట్టి దిబ్బల్లో గెడ్డ అడుగునే నడవండి, గోడలు ఎక్కకండి, పేర్లు చెక్కకండి. తిరుగు ప్రయాణానికి భీమిలి నుంచి బీచ్ రోడ్డు మీదుగా ఆర్టీసీ బస్సులు తరచుగా ఉన్నాయి. ఎక్కేటప్పుడు ఎడమ పక్క కిటికీ సీటు చూసుకుంటే నడిచిన ఒడ్డంతా మళ్ళీ కనిపిస్తుంది.